నాన్న బండి జెట్

నాన్న పోయాక మూలన పడ్డ ఆయన పాత బైకును ఓ ఆదివారం ఎల్బీనగర్‌లోని మా వరండాలో ముందేసుకున్నాను. కార్బ్యురేటర్ విప్పి కడిగి, తిరిగి బిగించబోతే పెట్రోలు పోయే చిన్న ఇత్తడి జెట్ కనిపించలేదు. ఊడ్చేసిందని నా భార్య మీద కేకలేశాను. పాపం, తను చెత్తబుట్ట నేల మీద కుమ్మరించి వెతికింది.

వెనక నల్లా దగ్గర దీపపు కుందులు తోమి వచ్చిన అమ్మ, "ఏం దేవులాడుతున్రు రా?" అంది. చెప్పాను.

"గా ఇత్తడి ముక్కనా? మీ నాయన బండిదని, కాళ్లకు తగుల్తదని, చింతపండుతోని తోమి ఆయన ఫొటో ముందల పెట్టిన."

సిగ్గుతో ఆ చెత్తంతా నేనే ఎత్తాను.

జెట్ బిగించి కిక్ కొడితే బండి స్టార్టయింది. అమ్మ లోపలికెళ్లి చాయ్ పెట్టింది. నాన్న బండి గేటు ముందు ఆగినప్పుడల్లా ఆమె చేసే పని అదే.