మామయ్య గారి వంకర రికార్డు

మొన్న ఆదివారం కొత్తపేటలో కొత్తగా తెరిచిన ఒక కాఫీ హోటల్‌కి ఆఫీసు స్నేహితురాలు తీసుకెళ్లింది. గోడ నిండా పాత గ్రామఫోను రికార్డులు, ఒక్కోదానికి నడుమ ఒక మేకు. ఇంకో రికార్డు మీద తెల్లరంగుతో ఆ రోజు దొరికే తిండి పేర్లు రాసి పెట్టారు. స్నేహితురాలు ఎంత బాగుందో అని మురిసిపోతుంటే నేను ఆ మేకుల వంక చూసి, లేచి నిలబడి మౌనం పాటించాలా, కూర్చుని పాటిస్తే సరిపోతుందా అని ఆలోచిస్తున్నాను. మా మామయ్య గారే అక్కడుంటే కాఫీ ముట్టకుండా పోలీస్ స్టేషన్‌కి నడిచేవారు. రికార్డుల్ని తిండితో కలపడం వీళ్లేమీ కొత్తగా కనిపెట్టలేదు, మా ఇంట్లో ఎప్పుడో జరిగింది అన్నాను. ఆమె నవ్వింది. హాస్యమాడుతుందన్న పేరు ఒకసారి వచ్చాక మనిషికి ఇదే కష్టం, నిజం చెప్పినా చప్పట్లే వస్తాయి.

నాది చౌటుప్పల్ పక్కన ఊరు. మా ఆయన వాళ్లది తెనాలి వైపు. పెళ్లయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మేడ మీద వాటాలో కాపురానికి వచ్చాను. తెలంగాణ ఉద్యమమూ నా కాపురమూ ఇంచుమించు ఒకేసారి ఊపందుకున్నాయి. రెండింటిలోనూ రోజూ చర్చలు జరిగేవి, రెండింటిలోనూ ఏదీ తేలేది కాదు. టీవీలో ఇటువైపు నాయకుడు ఏదైనా అంటే అత్తయ్య గారు నావైపు చూసేవారు, అది నేనే రాసిచ్చినట్టు. పుట్టింటికి పోతే మా నాయనమ్మ, మీ ఆంధ్రోళ్లు ఏమంటున్నరే అని నన్నే నిలదీసేది. మా ఆయనకి ఈ బాధలేవీ లేవు. రాత్రి షిఫ్టు చేసి పగలంతా నిద్రపోయేవారు. రాష్ట్ర చరిత్రలో అంత ముఖ్యమైన కాలాన్ని అంత గాఢంగా నిద్రపోయిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఈ కథలో ఆయన పాత్ర గురక వరకే.

మామయ్య గారు సికింద్రాబాద్ రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. తెనాలి మనిషికి జాజ్ అనే అమెరికా సంగీతం ఎట్లా తగులుకుందంటే, లాలాగూడ క్వార్టర్లలో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరుండేవాడట. ఆయనింట్లో ఒక సాయంత్రం ఆ బాకాలు విని, మామయ్య గారు ఇంటికి ఆలస్యంగా చేరారు. ఆలస్యానికి కారణం సంగీతమని చెబితే అత్తయ్య గారు ఇప్పటికీ నమ్మరు. తర్వాత ఆ కుటుంబాలు ఒక్కొక్కటిగా క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్లిపోతూ వదిలేసిన రికార్డుల్ని పాత సామాన్ల దుకాణాల్లో వెతికి వెతికి తెచ్చుకునేవారు. తెచ్చేటప్పుడు వాటి మీద ఒక తరం దుమ్ము, బొద్దింకల గుడ్లు, ఒక్కోసారి కేకు మరకలు ఉండేవి. వాటికి స్నానాలు మా వంటింట్లో. నడుమనున్న కాగితం తడవకుండా ఆవకాయ సీసా మూత బోర్లించి పట్టుకుని, ఇన్వర్టర్‌కని తెచ్చిన బ్యాటరీ నీళ్లతో, పసిపిల్లల పళ్లు తోమే బ్రష్షుతో గీతల వెంబడే గుండ్రంగా తోమేవారు. మరీ మొండి మురికైతే వడ్రంగులు వాడే తెల్ల జిగురు పల్చగా పూసి, ఆరాక అంచు పట్టుకుని లాగేవారు. పాము కుబుసంలా పొరంతా ఒకేసారి ఊడొచ్చేది, మురికి దాంతో పోయేది. ఆరబెట్టడం మాత్రం కంచాల స్టాండులో. అన్నానికి కూర్చుంటూ కంచమనుకుని ట్రంపెట్టు చేతిలోకి తీసుకున్న రోజులు నాకున్నాయి.

ఈ రికార్డులకి ఉన్న ఏకైక శ్రోత కింద ఉండే ఓనరు. పోచంపల్లి చేనేత కుటుంబం, దిల్‌సుఖ్‌నగర్‌లోనే చీరల దుకాణం. మా ఊరి వైపు మనిషి కాబట్టి నేను కాకా అనేదాన్ని, ఆయన భార్యని చిన్నమ్మా అనేదాన్ని. ప్రతి ఆదివారం సాయంత్రం కాకా మెట్లెక్కి వచ్చి, వరండా కుర్చీలో కూర్చుని, టీ సాసర్లో పోసుకుని తాగుతూ జాజ్ వినేవాడు. ఒక రికార్డంటే ఆయనకి ప్రాణం. దాని ఇంగ్లీషు పేరు అట్ట మీద ఉండేది గానీ మా ఇంట్లో ఎవరూ పలికిన పాపాన పోలేదు. అందులో ఒక పెద్ద బాకా సాగదీసి మోగుతుంటే కాకా కళ్లు మూసుకుని, బర్రె పొద్దుగూకి ఇంటికొస్తున్నట్టున్నది సారూ అన్నాడొకసారి. మామయ్య గారు రెండు వారాలు బాధపడ్డారు. మూడో వారం ఆయనే, బర్రె పాట పెట్టమంటారా అని అడిగారు.

ఉద్యమం వేడెక్కాక కాకా ఊరేగింపుల్లో కనిపించడం మొదలుపెట్టాడు. మెడలో గులాబీ కండువా, నోట్లో నినాదం. అదే సమయంలో ఆదివారాలు పైకి రావడం మానేశాడు. మామయ్య గారు దీన్ని రెండు ప్రాంతాల సమస్యగా తీసుకున్నారు. ఆ తర్వాత కింద నీళ్ల మోటారు తొందరగా కట్టేసినా అది రాజకీయమే, గేటు గట్టిగా వేసినా హెచ్చరికే. ఇవాళో రేపో ఇల్లు ఖాళీ చేయమంటారని ఆయన తేల్చేశారు. అత్తయ్య గారు ఎందుకైనా మంచిదని పెద్ద గిన్నెలు కొన్ని గోనెసంచుల్లో కట్టి, మరుసటి రోజు సాంబారుకి మళ్లీ విప్పారు. కిందికి వెళ్లి ఏం సంగతో అడగండి మామయ్య గారూ, పన్నెండు మెట్లు కూడా లేవు అన్నాను. ఆయన నావైపు చూసి, చాలా మెల్లిగా అన్నారు:

"అడిగాక అవునంటే ఏం చేస్తాం అమ్మాయ్?"



అడిగే బదులు ఆయన దగ్గర ఒక పథకం ఉంది. ఆదివారం సాయంత్రం కిటికీలు తెరిచి బర్రె పాట పెద్దగా పెడితే కాకా తనంతట తనే మెట్లెక్కుతాడని. చిక్కల్లా ఆ రికార్డే. ఎండాకాలమంతా గోడకి ఏటవాలుగా నిలబడి ఉండి అప్పడంలా వంకర తిరిగింది. తిప్పితే సూది పడవలా లేచి పడుతోంది, బర్రెకి వాంతులైనట్టు వినిపిస్తోంది. దాన్ని చదును చేయడానికి మామయ్య గారు అత్తయ్య గారి ఇత్తడి తాంబాళాలు రెండు తీశారు. వెడల్పుగా, అడుగు చదునుగా ఉంటాయి. పెళ్లికి అత్తయ్య గారి అన్నయ్య ఇచ్చినవి. లోపల చుక్కలు చుక్కలుగా ఆయన పేరూ, ప్రేమపూర్వక కానుక అనే మాటా కొట్టించి ఉంటాయి. ప్రేమంతా అక్షరాల్లోనే పెట్టాడు, ఇంకేమీ పెట్టలేదు అని మామయ్య గారి పాత ఫిర్యాదు. ఒక తాంబాళంలో రికార్డు పరిచి, దాని మీద రెండోది కూర్చోబెట్టి, డాబా మీద లేత ఎండలో, పైన రుబ్బురోలు పొత్రం బరువుంచి రోజూ కాపలా కాసేవారు. రోజుకి ఒక వెంట్రుకవాసి చదునవుతోందని చెప్పేవారు. సయోధ్య కూడా ఆ వేగంతోనే జరుగుతోందని నేను అన్నాను, ఆయన నవ్వలేదు.

ఇంతలో ఒక బంద్ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పూ పెట్టారు. తెలియనివాళ్లకి చెప్పాలి, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ తినడం అప్పటి నిరసన పద్ధతి. నాకు తెలిసి ప్రపంచంలో కడుపు నింపి పంపిన ఆందోళన అదొక్కటే. పొద్దున్నే చిన్నమ్మ పైకి వచ్చి, డేక్సాల మీద మూతకి పెద్ద పళ్లేలుంటే ఇవ్వమని అడిగింది. ఈ రోజుల్లో వంటావార్పుకి గిన్నె లేదంటే ఏమనుకుంటారోనని అత్తయ్య గారు గబగబా డాబా ఎక్కి, పొత్రం పక్కకి దొర్లించి, తాంబాళాల జత ఉన్నది ఉన్నట్టు ఎత్తి ఇచ్చేశారు. అడగని గరిటెలు కూడా రెండిచ్చారు. మామయ్య గారు స్నానం చేసి డాబా మీదికి వెళ్లేసరికి పొత్రం ఒక్కటే ఎండకి కాగుతోంది.

"లోపల రికార్డుందే," అన్నారు కిందికొచ్చి.

"బరువుగా ఉంటే ఇత్తడి కదా అనుకున్నానండీ," అన్నారు అత్తయ్య గారు.

వెళ్లి తెచ్చుకోవాలి. కానీ ఆరోజు ఆ చౌరస్తాకి, ఆ యాసతో, ఆయన ఒక్కరూ వెళ్లడమంటే ఆయన దృష్టిలో సరిహద్దు దాటడమే. నన్ను రమ్మన్నారు, నువ్వుంటే ఏమీ అనరు అన్నారు. అలా ఆ రోజు నేను వీసాగా పనిచేశాను. ఆటోల్లేవు, బస్సుల్లేవు. చైతన్యపురి, కొత్తపేట దాటి నడిచాం. ఆ రోడ్డు నేరుగా విజయవాడ పోతుంది, ఆయన ఊరి బస్సు దాని మీదే వెళ్లాలి. ఆ రోజు మాత్రం దాని మీద కూర్చుని ఆడవాళ్లు వంకాయలు తరుగుతున్నారు. దారిలో మామయ్య గారొక నిర్ణయం చెప్పారు. అక్కడ తాను నోరు విప్పరు, మాట్లాడాల్సిందంతా నేనే మాట్లాడాలి.

చౌరస్తాలో పొగ, డప్పులు, పాటలు. వరసగా ఇటుకల పొయ్యిల మీద డేక్సాలు. వాటిలో ఒకదాని మీద మా తాంబాళాల జత మూతగా కూర్చుని ఉంది, పైన కణకణలాడే బొగ్గులు. బగారన్నం దమ్ము మీదుందట, ఇప్పుడు మూత తీస్తే అన్నం పాడవుతుందని అక్కడ వంట చూస్తున్నామె ఖండితంగా చెప్పింది. మామయ్య గారు నిశ్శబ్దంగా ఆ డేక్సా వైపు చెయ్యి చాచి, నిశ్శబ్దంగా దించేశారు. ఆ సైగలు చూసి ఆమె నావైపు జాలిగా వంగి, పాపం పెద్దాయనకు మాటలు రావా అని అడిగింది. నేను ఔనూ అనలేదు, కాదూ అనలేదు. ఆమె ఆయనకి ఒక పీట వేసి, ఊరికే కూర్చుంటే మనసుకి కష్టమని, ముందర ఒక గంప ఉల్లిగడ్డలు, చేతిలో కత్తి పెట్టింది. వద్దనడానికి నోరు విప్పాలి. ఆయన కోశారు. ఒక పక్క రికార్డు ఉడుకుతోంది, ఇంకో పక్క కళ్ల నుంచి ధారలు.

సరిగ్గా అప్పుడు కాకా జనంలోంచి కుంటుకుంటూ వచ్చాడు. ఆందోళన మధ్యలో పీట మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటున్న మా మామయ్య గారిని చూసి ఆగిపోయాడు. ఆయన ముఖం కూడా అదోలా అయింది.

"సారూ, మీరొచ్చిండ్రా? మా కోసం ఏడుస్తుండ్రా?"

"ఉల్లిపాయలండీ," అన్నారు మామయ్య గారు.

గీయనకు మాటలొస్తయా అని వంటామె నన్ను కళ్లతోనే కడిగేసింది. ఆ వెంటనే ఎవరో ఒకరు ఫక్కున నవ్వారు, ఆ నవ్వు పొయ్యి పొయ్యికీ పాకింది. కాకా మాత్రం నవ్వకుండా అక్కడే రోడ్డు మీద కష్టంగా చతికిలబడ్డాడు. మామయ్య గారు కత్తి కింద పెట్టారు. ఇన్నాళ్లూ మెట్ల మీద మిగిలిపోయిన ప్రశ్న ఆ జనంలో బయటపడింది.

"మీరు పైకి రావడం మానేశారు కదండీ. మేం ఖాళీ చెయ్యాలా?"

"ఖాళీ ఏంది సారూ," అన్నాడు కాకా. "మోకాలు. మెట్లెక్కుడు అయితలేదు."

"మరి ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"ఎట్ల చెప్తా? ఊరేగింపుల ఊరంతా తిరుగుతడు, మా ఇంటికి రానీకే మోకాలు నొస్తదా అంటరనుకున్న. మీరన్న కిందికి దిగొస్తరేమో అని చూసిన. మీరూ దిగకపోతిరి. సారుకు నా కండువా మీద కోపమేమో అనుకున్న."

రెండు ప్రాంతాల సమస్య ఇది. దవాఖానలో చూపించుకున్నావా కాకా అని నేను అడిగాను, ఎవరో ఒకరు అడగాలి కదా.

అన్నం దమ్ము దిగాక బొగ్గులు తోసి, తాంబాళాల్ని గుడ్డతో పట్టుకుని విడదీశాం. రికార్డు బయటికొచ్చింది. వంకర పూర్తిగా పోయింది, అద్దంలా చదునుగా ఉంది. పదిరోజుల ఎండ చేయలేనిది బగారన్నం ఒక పూటలో చేసింది. మామయ్య గారు దాన్ని వెలుతురుకి పట్టుకుని, తిప్పి చూసి, మాట పడిపోయినట్టు నిలబడ్డారు. ఈసారి నిజంగానే. రెండోవైపు గీతల మీద అడ్డంగా, అద్దంలో చూసినట్టు తిరగబడ్డ అక్షరాల్లో, చుక్కలు చుక్కలుగా, అత్తయ్య గారి అన్నయ్య పేరు, ప్రేమపూర్వక కానుక. ఆ తర్వాత అందరం విజయవాడ రోడ్డు మీద వరసగా కూర్చుని తిన్నాం. మామయ్య గారు రెండోసారి కూడా పెట్టించుకుని, పక్కన కాస్త గోంగూర ఉండి ఉంటే బాగుండేదన్నారు. గట్టిగానే అన్నారు.

ఆ తర్వాతి ఆదివారానికి గ్రామఫోను కింది వరండాలోకి దిగింది. కాకా మోకాలు కింద, జాజ్ కూడా కింద. మొదటివైపు నదిలా సాగింది. రెండోవైపు చుట్టు చుట్టుకీ అక్షరాల దగ్గర టకటకటక మని కొట్టుకుని బర్రె ఉలిక్కిపడేది. మామయ్య గారు తల పట్టుకున్నారు. అత్తయ్య గారు మాత్రం ఆ ఉలికిపాటు వినిపించినప్పుడల్లా టీ కలుపుతూ ఆగి, ఇన్నాళ్లకి మా అన్నయ్య పేరు ఈ ఇంట్లో నాలుగుసార్లు వినిపించింది అనేవారు. రాష్ట్రం సంగతి మీద కాకా, మామయ్య గారు ఆ వరండాలోనే ప్రతి వారం తగువు పడేవారు. ఎవరూ ఎవరినీ ఒప్పించిన దాఖలా లేదు. రికార్డు తిరగేయడానికి మాత్రం ఆగేవారు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. మేం బడంగ్‌పేట్‌లో లిఫ్టున్న అపార్ట్‌మెంట్ కొనుక్కుని వెళ్లాం, ఎవరూ ఖాళీ చేయించలేదు, మా సామాను మేమే మోసుకున్నాం. ఇప్పుడు మామయ్య గారివి రెండు మోకాళ్లూ పోయాయి, కాకా మంచం దిగడం తగ్గించాడు. ఆదివారం సాయంత్రం ఫోను గ్రామఫోను పక్కన పెడతాను. అటు నుంచి కాకా, ఒస్తున్న సారూ అంటాడు, ఇటు నుంచి మామయ్య గారు, మీరు కదలకండి నేనే వస్తాను అంటారు, ఇద్దరూ రారు. ఆ రోజుల్లో మేం చరిత్ర అనుకుని భయపడ్డది తీరా చూస్తే మోకాలి నొప్పి. ఒట్టి మోకాలి నొప్పే కదా అని మేం నవ్వేసింది మాత్రం మీద పడుతున్న కాలం.