కొంగ ముద్ర గంగాళం

2022 వేసవి మొదలవుతున్న రోజులు. కరీంనగర్‌లో కోర్టుకు వెళ్లే దారిలో, ఒక జిరాక్స్ సెంటర్ పైన నా ఆఫీసు. నేను ట్రేడ్‌మార్క్ ఏజెంటును. వ్యాపారుల పేర్లు, గుర్తులు రిజిస్టర్ చేయించడం, వాటి మీద తగాదా వస్తే వాళ్ల తరఫున వాదించడం నా పని. "అయితే మీరు లాయరా?" అని అడిగేవాళ్లకు "సగం" అని జవాబు చెబుతాను. పచ్చళ్లవాళ్లు, బీడీలవాళ్లు, విత్తనాల కంపెనీలవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వచ్చినవాళ్లెవరూ తమ తాత గొప్ప చెప్పకుండా అసలు సంగతికి రారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంటుంది వరస. నాకేమో ఓపిక తక్కువ. గుర్తును కాపాడేది సాక్ష్యం గానీ కథ కాదని మొహం మీదే చెప్పేస్తాను.

ఆ రోజు వచ్చిన రాజేశ్వరి మాత్రం కథ చెప్పలేదు. చీర కొంగులో చుట్టి తెచ్చిన ఇత్తడి బిందెను నా టేబుల్ మీద బోర్లించింది. అడుగున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ అచ్చుకొట్టి ఉంది.

"ఇది మా ముద్ర, మేడం. మా తాత లింగయ్య కాలం నుంచి ఉన్నది. గిప్పుడు వేరే రాష్ట్రపాయన ఎవలో ఇది నాదంటుండట. దుకాణపోళ్లు మా సామాను తీస్కుంటలేరు" అంది.

వాళ్లు కంచరివాళ్లు. తాత పెట్టిన షెడ్డును తండ్రి నర్సయ్య నడిపాడు, ఆయన మోకాళ్లు అరిగిపోయాక కూతురు పట్టుకుంది. స్టీలు వచ్చినప్పుడు మూతపడలేదు, ప్లాస్టిక్ వచ్చినప్పుడూ పడలేదు. ఇప్పుడు జనం మళ్లీ రాగి, ఇత్తడి అంటున్నారు కదా, ఆ గిరాకీ చూసి ఒక పెద్ద వ్యాపారి కొంగ బొమ్మకు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ ముద్ర అతనిదైపోతే అది కొట్టే హక్కు రాజేశ్వరికి ఉండదు. ముద్ర లేని బిందెను ఏ దుకాణమూ తీసుకోదు. షెడ్డు మూతపడుతుంది, దాన్ని నమ్ముకున్న పనివాళ్లు కూలికి పోతారు. ఆమె ఇదంతా ఏడవకుండా, విసుక్కోకుండా చెప్పింది. నాకు అప్పుడే నచ్చింది.

ఇలాంటప్పుడు మేము ఆపోజిషన్ వేస్తాం, అంటే ఆ దరఖాస్తు చెల్లదని అభ్యంతరం చెప్పడం. దానికి బలం ప్రయర్ యూజ్. ఎదుటివాడి కంటే ముందు నుంచే ఆ గుర్తును మనం వాడుతున్నామని చూపించాలి. ఆ వ్యాపారి తన తండ్రి కాలం నుంచే కొంగను వాడుతున్నట్టు ఒక సంవత్సరం రాసుకున్నాడు. మేము దానికంటే వెనక్కి వెళ్లాలి.

"మీ షెడ్డులో అన్నిటికంటే పాత సామాను ఏముంది?" అని అడిగాను.

"ఏం లేదు, మేడం."

"ఇంట్లో?"

"ఇంట్ల స్టీలు గిన్నెలే" అని ఆమె సిగ్గుపడింది.

దీపం కింద చీకటి అంటే ఇదే. అయితే అందులో వాళ్ల పని తీరు కూడా ఉంది. ఇత్తడి సామాను దగ్గర పాతది ఇచ్చి కొత్తది తీసుకుపోవడం మన దగ్గర రివాజు. చిల్లుపడ్డ బిందె, సొట్టపోయిన చెంబు అన్నీ తిరిగి కంచరి షెడ్డుకే చేరతాయి. అక్కడ మూసలో కరిగి కొత్త బిందెలవుతాయి. ఆ విధంగా లింగయ్య కొట్టిన సామానునంతా ఆయన కొడుకు, మనవరాలు తమ చేతులతోనే కరిగించుకున్నారు. తమకు కావలసిన సాక్ష్యాన్ని ఇంత శ్రద్ధగా నాశనం చేసుకున్న క్లయింట్లను నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

మిగిలిన దారి ఒక్కటే. పెళ్లికి బిందె పెట్టేవాళ్లు దాని మెడ మీద పేరు చెక్కిస్తారు. ఎవరు పెట్టారు, ఎవరికి పెట్టారు, ఏ తేదీన పెట్టారు అన్నీ ఉంటాయి. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే తిరిగి పెట్టాలి కదా, మరిచిపోకూడదని. అంటే ఏ ఇంట్లోనైనా కొంగ ముద్ర ఉన్న పాత బిందె దొరికితే, దాని వయసు దాని మెడ మీదే రాసి ఉంటుంది. ఏ పుట్టలో ఏ పాముందో చూద్దామని రాజేశ్వరి తన చుట్టాలందరికీ, వాళ్లు వాళ్ల చుట్టాలకూ నా నంబరిచ్చి ఫోన్లలో కబురు పెట్టారు.

తర్వాత కొన్నాళ్లపాటు నా ఫోన్ నిండా బిందెల అడుగులే. పొద్దున్నే లేచి చూస్తే మంచిర్యాల నుంచి ఒక బిందె అడుగు, నిర్మల్ నుంచి ఒక వంట గుండి అడుగు. బాసరకు మొక్కు తీర్చుకోవడానికి పోయిన ఒకామె అక్కడి సత్రంలో వంట చేస్తున్న గిన్నెను కూడా తిరగేయించి ఫోటో తీసి పంపింది. పేరూ ఊరూ తెలియని మనుషులు అటకలెక్కి దుమ్ము దులిపి, చింతపండు పెట్టి తోమి మరీ పంపారు. నేను ఎవరికీ రూపాయి ఇవ్వలేదు, వాళ్లు అడగనూ లేదు. ఆ మంచితనానికి ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

కొంగలు చాలానే దొరికాయి. కానీ తేదీలన్నీ ఆ వ్యాపారి రాసుకున్న సంవత్సరానికి తర్వాతివే. కొండను తవ్వి ఎలుకను పట్టాం అనుకుంటున్నప్పుడు పెద్దపల్లి దగ్గరి ఒక పల్లె నుంచి ఫోటో వచ్చింది. పెద్ద గంగాళం, దాని మీద కొంగ. చెక్కిన సంవత్సరం మాకు కావలసినదానికంటే ఎంతో ముందుది.

మరునాడే వెళ్లాం. ఆ గంగాళం ఆ ఊరి మెథడిస్టు చర్చిది. సంఘ పెద్ద దేవదానం గారు తలుపు తీసి వంటసామాను గదిలోకి తీసుకెళ్లారు. అంచు మీద అక్షరాలు పెద్దవిగా, తేటగా ఉన్నాయి. "కంచరి లింగయ్య, కలాయి ఖాజా మియా, ఇద్దరు కలిసి చర్చికి ఇచ్చినది." దాని పక్కనే సంవత్సరం, కింద కొంగ.

"మరి వాళ్లిద్దరూ మీ సంఘంవాళ్లు కారు కదా, ఎందుకిచ్చారు?" అని అడిగాను.

"మా వాడకు ఆ కాలంల ఏ దుకాణపోళ్లూ వంట గిన్నెలు కిరాయికి ఇయ్యకపోతుండె, అమ్మా. పెండ్లయితే కుండలల్ల ఇంత ఇంత వండుకునుడే. మా బాపు కరీంనగర్ పోయి, కొనుక్కుంటం, మాకొకటి చేసియ్యిండ్రి అని ఈ ఇద్దరినీ అడిగిండు. చేసిండ్రు. పైసలు ముట్టలే. పేరు కొట్టి బండి మీద వాళ్లే తెచ్చి దించిండ్రు" అన్నారు ఆయన. "అప్పటి సంది మా వాడల గీ గంగాళంల వండని పెండ్లి లేదు. కొనేటోళ్లు వచ్చిండ్రు, ఇయ్యలే."

రాజేశ్వరి ఆ అక్షరాలను మళ్లీ మళ్లీ చదివింది. "ఖాజా మియా ఎవలు, మేడం?" అని నన్నే అడిగింది.

ఆ ప్రశ్న ఇంటికి పోయి తండ్రిని అడిగితే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నర్సయ్య పని. "మేం ఆయన్ను మోసం చెయ్యలేదు" అన్నాడు ముందుగానే. ఎవరూ మోసమని అననేలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. షెడ్డు ఇద్దరిదీ. లింగయ్య రేకు కొట్టి గిన్నె చేసేవాడు, ఖాజా మియా లోపల తగరం పూత, అంటే కలాయి వేసేవాడు. కొంగ బొమ్మ గీసింది కూడా ఖాజా మియానే. స్టీలు వచ్చాక కలాయి అడిగేవాళ్లు తగ్గిపోయి, ఆయన బిడ్డనిచ్చిన ఆసిఫాబాద్‌కు వెళ్లిపోయాడు. ఆ తర్వాత బోర్డు మార్పించినప్పుడు లింగయ్య పేరొక్కటే మిగిలింది.

"బోర్డు చిన్నగుండె, మేడం. రెండో పేరు పట్టలే" అన్నాడు నర్సయ్య నేల చూస్తూ. మళ్లీ తనే, "ఫోటోల ముద్ర, సంవత్సరం వరకే పడేటట్టు తీస్తే కాదా?" అన్నాడు.

కుదరదని చెప్పాను. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం, సగం చూపించి ప్రమాణం చేయించడం నావల్ల కాదు. కానీ రాజేశ్వరికి ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాను. ఖాజా మియా వారసులను వెతికి పట్టుకుంటే వాళ్లు మనతో కలవాలని లేదు. ముద్ర మాదేనని వాళ్లే అడ్డం తిరగవచ్చు. బయటివాడితో పోరు గెలిచి ఇంటివాళ్ల చేతిలో ఓడిపోవచ్చు.

"తిరిగితే తిరగనీ, మేడం" అంది రాజేశ్వరి. "బొమ్మ గీసినాయన పేరు తీసేసి, నా ముద్ర ఎవలో ఎత్తుకపోతుండని నేనెట్ల మొత్తుకోవాలె?"

ఆసిఫాబాద్ పాత బజారులో ఖాజా మియా కూతురు జైనబీ ఇల్లు అడిగితే ఎవరైనా చూపించారు. డెబ్బై దాటిన మనిషి. చాయ్ ఇచ్చింది గానీ నవ్వలేదు.

"మా అబ్బా పోయిన నాడు కరీంనగర్ నుంచి ఒక్క మనిషి రాలే. ఇప్పుడు మీకు పని వడ్డది, యాదికొచ్చిండు" అంది.

రాజేశ్వరి సాకులు చెప్పలేదు. "నాకు ఆయన పేరే తెల్వదు, పెద్దమ్మా. మొన్ననే గంగాళం మీద చూసిన. తెల్వకుండ పెంచినందుకు మా బాపు మీద కోపమొచ్చింది. మీరు సంతకం చేయకున్నా, గా పేరు మాత్రం నేను దాస్త లేను" అంది.

జైనబీ ఆమె మొహంలోకి తేరిపార చూసింది. "కాగితాల ముచ్చట తర్వాత. ముందు గా గంగాళం నాకు చూపియ్యుండ్రి."

తీసుకెళ్లాం. దేవదానం గారు గంగాళాన్ని చర్చి ముందు నీడలో పెట్టించారు. జైనబీ బయటి పేరును ఒకసారి చదివించుకుని విని, వెంటనే లోపలికి తొంగిచూసింది. మొహం మారిపోయింది.

"గిదేం కలాయి? ఎవడేసిండు? అక్కడొక మచ్చ, ఇక్కడొక మచ్చ! దీంట్ల పులుసు ఎట్ల వండుతుండ్రు? చిలుము పడితే మనుషులు ఆగమైతరు!"

దేవదానం గారు బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా, "బజార్ల ఎవలో ఏసిండ్రు, అమ్మా" అని నసిగారు.

"మా అబ్బా పేరు కింద గిసొంటి పనా? తగరం తెప్పియ్యిండ్రి. నేనేస్త."

వద్దన్నా వినలేదు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకుందట. మరునాడు రాజేశ్వరి షెడ్డు నుంచి తగరం, నవసాగరం, దూది తెచ్చింది. పిలవకపోయినా నర్సయ్య కూడా ఆటోలో వచ్చాడు. వచ్చి దూరంగా నిలబడ్డాడు. జైనబీ అతన్ని చూసింది, అతను తల దించుకున్నాడు.

"నిలవడి ఏం జేస్తవు, నర్సన్నా? మంట చూడు" అంది ఆమె.

ఆయన అరిగిన మోకాళ్లతోనే పొయ్యి ముందు కూలబడి మంట ఎగదోశాడు. కాలిన గంగాళంలో ఆమె నవసాగరం చల్లి, తగరం తాకించి, దూదితో గిర్రున తుడుస్తుంటే లోపలంతా తెల్లగా మెరుస్తూ వచ్చింది. వాడవాళ్లంతా చుట్టూ చేరారు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

అది చల్లారాక, రాసి తెచ్చిన అఫిడవిట్ ఆమెకు చదివి వినిపించాను. ఆమె నొచ్చుకోకూడదని, "ఈ ముద్రను గీసి వాడుక మొదలుపెట్టినది నా తండ్రి ఖాజా మియా, ఆయనతోపాటు లింగయ్య" అని రాశాను. జైనబీ చెయ్యి అడ్డం పెట్టింది.

"అట్ల గాదు, బేటీ. లింగన్న పేరు ముంగట రాయి. సుత్తె పడ్డంకనే గద కలాయి."

కాగితం మార్చి రాశాను. గంగాళం ఫోటోలు, దేవదానం గారి వాంగ్మూలం, జైనబీ వాంగ్మూలం అన్నీ దాఖలు చేశాక అవతలి వ్యాపారి తన దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత కొంగ ముద్ర రెండు కుటుంబాల పేరిట ఉమ్మడిగా రిజిస్టరైంది. షెడ్డు నడుస్తోంది.

ఈ వృత్తిలో ముందు ఎవరు వాడారన్నదే నాకు ఎప్పుడూ పెద్ద ప్రశ్న. ఈ కేసు దానికి ఇంకొకటి చేర్చింది. ఇప్పుడు ఎవరైనా వచ్చి "మా తాత ఒక్కడే కష్టపడి పెట్టిండు, మేడం" అంటే నేను విసుక్కోను. చాయ్ తెప్పించి, "ఆయన పక్కన కూర్చుని పనిచేసింది ఎవరు?" అని అడుగుతాను. ఎవరూ లేరంటారు మొదట. చాయ్ అయిపోయేలోగా ఒక పేరు బయటికొస్తుంది.