బాపు అటు తిరిగితే

ఆ రోజుల్లో మా లాల్‌పేట్ బొగ్గుగని కాలరీ క్వార్టర్లలో తెలుగు చానల్ చూడాలంటే ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పాలి, ఇంకొకరు కిటికీలోంచి తల బయటపెట్టి "వచ్చింది, వచ్చింది, ఆఁ... పోయింది" అని కేకెయ్యాలి. అంత అవస్థపడి పట్టుకున్న బొమ్మలో కనిపించేది ఏమిటయ్యా అంటే, నేను. అందులోనూ ఏడుస్తున్న నేను. ఇప్పుడు ప్రతి ఇంటి పిల్లా ఫోనులో డాన్సు చేసి ఊరందరికీ కనిపిస్తోంది కాబట్టి నా గొప్ప ఎవరికీ ఆనదు గానీ, చంద్రపూర్‌లో పుట్టి హైదరాబాదు సీరియల్లో రోజూ సాయంత్రం ఏడ్చిన పిల్లను మా వైపు నేనొక్కదాన్నే. (నవ్విన సీన్లు కూడా రెండో మూడో ఉండేవి. బాగా రాలేదని తీసేశారట.) మరాఠీ వాళ్ళు నన్ను 'రడూబాయి' అనేవారు, అంటే ఏడుపుగొట్టుది అని. మనవాళ్ళు కాస్త మర్యాదగా 'టీవీల ఏడ్శే పొల్ల' అనేవారు. నాకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉందని బళ్ళో హాజరు పిలిచే టీచరు బాయికి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు.

నేను నటిని కావడంలో నా ప్రతిభ ఇసుమంత కూడా లేదు. ఒక వేసవి సెలవుల్లో మా బాపు (నాన్నను మేమలాగే అంటాం) నన్ను హైదరాబాదులో మేనత్త ఇంట్లో దిగబెట్టి, బొగ్గుబాయి డ్యూటీ ఉందని ఆ పూటే తిరుగు ప్రయాణమయ్యాడు. భుజాన తువ్వాలు వేసుకుని, సంచి చంకన పెట్టుకుని బాపు గల్లీ చివరిదాకా నడిచి వెళుతుంటే, ఆ వీపును చూస్తూ నేనెత్తుకున్న రాగానికి వీధిలో కుక్కలు కూడా నోరు మూసుకున్నాయని మేనత్త ఇప్పటికీ చెబుతుంది. ఆ ఇంటి పైవాటాలో ఒక సీరియల్ డైరెక్టరు గారు అద్దెకుండేవారు. ఆయన చేతిలో టీ గ్లాసుతో బాల్కనీలోకి వచ్చి, నేను ఏడ్చినంతసేపూ అలాగే నిలబడి చూశారట. అప్పుడే ఆయనకు సవతితల్లి చేతిలో నానా పాట్లు పడే పిల్ల ఒకతి అవసరం. కంట్లో మందు వేస్తే తప్ప ఏడవని పిల్లలతో ప్రాణం విసిగి ఉన్నారు. మా మామను స్కూటరు మీద తరిమి, బస్టాండు నుంచి బాపును వెనక్కి రప్పించారు. బాపు ముఖం కనబడగానే నా ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. డైరెక్టరు గారు అది కూడా గమనించారు. నా నటనా జీవితమంతా ఆయన ఆ వేళ గమనించిన ఆ రెండు ముక్కల మీదే నడిచింది.

మొదటిరోజే ఒక చిక్కు వచ్చిపడింది. నేను చదివేది మరాఠీ బడి, తెలుగు అక్షరం ముక్క రాదు. మాట వస్తుంది గానీ ఆ మాట మా క్వార్టర్లది. "అమ్మా, నన్ను కొట్టొద్దమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను" అని చెప్పమంటే నేను "అవ్వా, నకో కొట్టకే, నీ కాల్మొక్త" అన్నాను. సెట్టు మీద ఉన్నవాళ్ళంతా కడుపు పట్టుకున్నారు. సవతితల్లి వేషం వేసిన ఆవిడైతే చెయ్యెత్తిన మనిషి ఎత్తినట్టే కూలబడి నవ్వింది. డైరెక్టరు గారు కాసేపు నెత్తి పట్టుకుని కూర్చుని, తర్వాత నా డైలాగులన్నీ కొట్టేసి, ఆ మేరకు ఏడుపు పెంచారు.

ఇక ఏడిపించే పద్ధతి తేలికైనదే. అంతా సిద్ధమయ్యాక ఆయన బాపు వైపు చూసి తల ఊపేవారు. బాపు తువ్వాలు భుజాన వేసుకుని, సంచి చంకన పెట్టుకుని, అటు తిరిగి గుమ్మం వైపు నడిచేవాడు. "పాపా, మీ నాన్న వెళ్ళిపోతున్నాడు చూడు" అనేవారు డైరెక్టరు గారు. అంతే, నాకు లోకం తలకిందులైపోయేది. పాపం బాపు లీవులు పెట్టుకుని, తోటివాళ్ళతో షిఫ్టులు మార్చుకుని, రాత్రంతా రైల్లో నిలబడి అంత దూరం వచ్చేవాడు, వచ్చి చేసే పని మాత్రం వెళ్ళిపోవడం. అయినా బొగ్గుబాయి దగ్గర ఎవరైనా ఆ కన్నీళ్ళు మందు వేసుకుంటే వచ్చేవేనట కదా అంటే మాత్రం బాపుకు పౌరుషం పొడుచుకొచ్చేది. "మా బిడ్డ మందు ఎయ్యదు. అసల్ కన్నీళ్లు" అని రొమ్ము విరుచుకుని చెప్పేవాడట. బాపు జీవితంలో గొప్పలు చెప్పుకున్నది ఆ ఒక్క విషయంలోనే.

అంతటి నా వైభవానికి మిరపకాయ బజ్జి దెబ్బకొట్టింది. ఒకరోజు బాపు యథాప్రకారం వెళ్ళిపోయాడు, నేను ఏడుపు అందుకున్నాను, ఇంతలో ఆ గది గోడ (గోడంటే గోడ కాదు, రంగు వేసిన ప్లైవుడ్డు) కాస్త పక్కకు ఒరిగింది. దాని వెనక మా బాపు గొంతుక్కూచుని, చేతిలో కాగితం పొట్లం, నోట్లో సగం బజ్జి పెట్టుకుని, మిగతా సగం ఎక్కడ దాచాలో తెలియక నావంక చూస్తున్నాడు. అంటే ఇన్నాళ్ళూ ఎక్కడికీ పోలేదన్నమాట! నాకు నవ్వు ఆగలేదు. ఆ తర్వాత బాపు ఎన్నిసార్లు తువ్వాలు వేసుకున్నా, ఎంత విచారంగా నడిచినా, నాకు గోడ వెనక బజ్జీలే కనిపించేవి. చివరికి సీరియల్లో నన్ను హాస్టలుకు పంపించేశారు. ఇంతవరకూ వెనక్కి పిలవలేదు.

మేము హాయిగా లాల్‌పేట్ వచ్చేశాం. నాకు పళ్ళూడి కొత్తవి వచ్చాయి, పొడుగయ్యాను, కాలేజీ అయింది, చిన్నపిల్లలకు చదువు చెప్పే ట్రైనింగు కూడా అయింది. టీవీలో ఏడ్చిన పొల్లను అందరూ మరిచిపోయారు, ఒక్క మా అత్తమ్మ తప్ప. అప్పటికింకా ఆవిడ నాకు అత్తమ్మ కాదు. కోర్పనా వైపు పత్తి పండించే పాతకాపు తెలుగువాళ్ళు, కొడుకు ఉప్పర్వాహిలో సిమెంటు ఫ్యాక్టరీలో పని. సంబంధం ఎవరి ద్వారానో వస్తే, ఆ పొల్ల ఈ పొల్లే అని తెలిసి ఆవిడ జాతకం కూడా అడగకుండా బయలుదేరి వచ్చేసింది. పెళ్ళిచూపుల్లో పిల్లను పాట పాడమని అడుగుతారు, మా అత్తమ్మ నా గదవ పట్టుకుని, "బిడ్డా, ఏమనుకోకు, జర ఒక్కసారి ఏడ్వరాదు" అంది. పెళ్ళికొడుకు సిగ్గుతో టీ కప్పులోకి తల దూర్చాడు. ఊరికే ఏడుపు రాదత్తమ్మా అని నేను నసిగితే, ఆవిడ పెద్దమనసుతో, "పోనీ తీ, అప్పగింతలప్పుడు ఎట్లనన్న ఏడుస్తవ్ గద, అప్పుడు చూస్త" అని తాంబూలాలు పుచ్చుకుంది.

పెళ్ళినాడు అబ్బాయివైపు చుట్టాలు టెంపోలు నిండా దిగారు. మా క్వార్టర్ల మైదానంలో టెంటు. ముహూర్తానికి సగం మంది చెట్ల కింద పేకాటలో ఉన్నారు గానీ, సాయంత్రం అప్పగింతల వేళకు కుర్చీలు వరసలుగా నిండిపోయాయి. పిల్లల్ని ముందు కూర్చోబెట్టారు. వీడియో తీసే మరాఠీ కుర్రాడు రెండు లైట్లు తెచ్చి నా ముఖం మీద పెట్టాడు. అప్పుడే మా ఆయన పెదనాన్న, ఊళ్ళో పెద్దమనిషి, అందరూ వినేలా ఒక మాట వదిలాడు: "టీవీలయన్ని మందు కన్నీళ్లు. అసల్‌వి ఉన్నయో లేవో ఇగో ఇప్పుడు తెలుస్తది." బాపు ఆ మాట విన్నాడు. తలపాగా సర్దుకుని నావైపు చూశాడు. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. ఇన్నేళ్ళు బొగ్గుబాయి దగ్గర రొమ్ము విరుచుకుని చెప్పిన మాట ఇప్పుడు వియ్యాలవారి ముందు నిలబెట్టవలసింది నేనే.

పాలల్లో తడిపిన నా చేతులు అత్తమ్మ చేతుల్లో పెట్టారు. ముత్తయిదువలు అప్పగింత పాట ఎత్తుకున్నారు. నన్ను కన్న మా అవ్వ భోరుమంది, పిన్నమ్మలు భోరుమన్నారు, నా స్నేహితురాళ్ళు భోరుమన్నారు, బ్యాండువాడు కూడా ముక్కు చీదాడు. నాకు మాత్రం కళ్ళు ఎండాకాలం మా ఊరి ఇరై నదిలా ఎండిపోయి ఉన్నాయి. చచ్చిపోయిన మా తాతమ్మను తలుచుకున్నాను, పదోతరగతి లెక్కల మార్కులు తలుచుకున్నాను, ఉహూఁ. "తాయీ, థోడం రడా నా" అని వీడియో కుర్రాడు బతిమాలాడు, కాస్త ఏడవమ్మా అని. వెనకనుంచి పిన్నమ్మ గిల్లింది. మా అవ్వ తన ఏడుపు ఆపి, "ఇజ్జత్ తీస్తున్నవే, ఏడు" అని చెవిలో కోప్పడి, మళ్ళీ వదిలినచోట అందుకుంది.

అప్పుడు జనంలోంచి బాపు లేచాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఎవరిదో సంచి చంకన పెట్టుకున్నాడు. నావైపు ఒకసారి చూసి, అటు తిరిగి, భారంగా నడుచుకుంటూ వంటల టెంటు వెనక్కి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా బాపు ఆ నడక మరిచిపోలేదు! నాకు కాస్త కన్నీరు రెప్పదాకా వచ్చింది కూడా. ఖర్మకాలి కిందికి చూశాను. టెంటు గుడ్డ కింద బాపు చెప్పులు రెండూ ఇటే తిరిగి ఉన్నాయి, పైన గుడ్డ సందులోంచి ఒక కన్ను కనిపిస్తోంది. అక్కడే కడాయిలో వంటవాళ్ళు ఏం వేయిస్తున్నారో వేరే చెప్పాలా, మిరపకాయ బజ్జీలు. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుదామని పెదవి కొరికితే ముక్కులోంచి వచ్చింది. అప్పగింతల్లో పకపకా నవ్విన పెళ్ళికూతురు మా కాలరీలో నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. పాట ఆగిపోయింది. "నేను చెప్పలే?" అన్నాడు పెదనాన్న, చెయ్యి తిప్పుతూ. బాపు టెంటు వెనకనుంచి బయటికి వచ్చాడు. ఆ ముఖం చూస్తే నాకు నవ్వు చచ్చిపోయింది గానీ, కన్నీళ్ళు మాత్రం రాలేదు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని కారువైపు నడిపించింది.

ఇక చూడవలసింది ఏమీ లేదని జనం బంతి భోజనాలకు లేచారు. వీడియో కుర్రాడు లైట్లు ఆర్పేసి వాళ్ళ వెనకే పోయాడు. కారు కదిలింది. మా ఆయన పక్కన నేను, ముందు సీట్లో అత్తమ్మ. గేటు దగ్గర ఊరికే వెనక్కి చూశాను. బాపు ఒక్కడే నిలబడి ఉన్నాడు, చంకలో ఆ ఎవరిదో సంచి అలాగే ఉంది. నావైపే చూస్తున్నాడు. అటు తిరగలేదు. కారు మలుపు దగ్గరికి వచ్చింది, ఇంకా తిరగలేదు. ఎప్పుడూ వెళ్ళిపోయేది బాపు, నిలబడిపోయేది నేను. ఈసారి బాపు నిలబడ్డాడు, వెళ్ళిపోతున్నది నేను. ఈ సంగతి నా బుర్రకు తట్టేసరికి గొంతులోంచి ఎలాంటి కేక వచ్చిందంటే, టైరు పేలిందనుకుని డ్రైవరు బ్రేకు వేశాడు.

ఏడ్చాను. ఆ సీరియల్ మొత్తం మీద ఏడ్చినది ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. చిన్నప్పటి ఏడుపు బాపు పోతాడేమోనన్న భయం. ఇది వేరు. ఎక్కడికీ పోకుండా ప్రతిసారీ గోడ వెనకే కూర్చున్న మనిషి నాకు నాన్న అయ్యాడు, నా అదృష్టం అనే ఏడుపు. డ్రైవరు అద్దంలోంచి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మా అత్తమ్మ ఎన్నేళ్ళుగానో కళ్ళారా చూడాలని ఆశపడి, జాతకం కూడా అడగకుండా పిల్లను చేసుకున్నది ఈ ఏడుపు కోసమే. వెనక్కి తిరిగితే చాలు, అది మూరెడు దూరంలో ఉంది. ఆవిడ తిరగలేదు. చెయ్యి చాచి ఆ అద్దాన్ని పైకి తిప్పేసి, "రోడ్డు జూసి నడుపు" అంది డ్రైవరుతో. వర్ధా నది వంతెన దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. మా ఆయన తన పెళ్ళి కండువా ఇచ్చాడు, అది ముద్దయిపోయింది.

రాజురాలో టీకి ఆగినప్పుడు మా వెనకే బయలుదేరిన టెంపోలోంచి పెదనాన్న కూడా దిగాడు. ఆయన పక్కనే నిలబడి అత్తమ్మ మా బాపుకు ఫోను చేసింది. అవతలివాళ్ళకు ఫోను లేకపోయినా వినబడేంత గట్టిగా, "అన్నా, నీ బిడ్డయి అసల్ కన్నీళ్లే. మందు లేదు, మాయ లేదు. నేనున్న గద, నువ్వు తిను పో" అంది. పెదనాన్న టీ ఊదుకున్నాడు. ఆ రోజు ఆవిడ చేసిన ఆ రెండు పనుల రుణం, నేను ఈ జన్మలో ఎంత చాకిరీ చేసినా తీరదు. (చాకిరీ ఎక్కువ ఆవిడే చేస్తుందనుకోండి. నేను బడికి పోతానుగా.)

అవును, ఆ టీవీల ఏడ్శే పొల్ల ఇప్పుడు ఉప్పర్వాహి కాలనీలో బాల్వాడీ టీచరు. జూన్‌లో బడి తెరిచిన వారంలో నా ఏడుపు చదువంతా అక్కరకొస్తుంది. పిల్లను వదిలి గబగబా అటు తిరిగి పోబోయే తల్లిదండ్రులను చెయ్యి పట్టి ఆపుతాను. మీరు ఇక్కడే, ఇటే చూస్తూ నిలబడండి, ముందు పిల్ల లోపలికి వెళ్ళనివ్వండి అంటాను. ఈ టీచరు బాయికేదో పిచ్చి అనుకుంటారు గానీ, నిలబడతారు.

బాపు రిటైరయ్యాడు. ఆదివారం ఆదివారం ఎర్ర బస్సులో లాల్‌పేట్ నుంచి బజ్జీల పొట్లంతో దిగుతాడు, అత్తమ్మతో పొద్దుగూకేదాకా పత్తి ధరలు మాట్లాడతాడు. బస్టాపుదాకా నేనే దిగబెడతాను. బస్సు రాగానే తువ్వాలు భుజాన వేసుకుని, సంచి చంకన పెట్టుకుని, నావైపే చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తాడు. వెళ్ళి ఎవరో ఒకరి కాలు తొక్కుతాడు. మొన్న ఆదివారం కండక్టరుకు ఓపిక పోయి, ముందుకు చూసి ఎక్కు బాబా, పడతావు అని మరాఠీలో కసిరాడు. బాపు మెట్టు మీద నిలబడి, తన మరాఠీ అంతా మరిచిపోయి, "అటు తిరిగితే నా బిడ్డ ఏడుస్తదయ్యా" అన్నాడు. కండక్టరు నావంక చూశాడు. తలలో రెండు తెల్ల వెంట్రుకలు, ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో కూరగాయల సంచి పెట్టుకుని, పాపం ఆ బిడ్డ అప్పటికే నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.