ఇంజన్ దీపం కొండెక్కిందన్న మాట

దీపాల మేస్త్రి బానెట్ మీద చెయ్యేస్తే చాలు, ఇంజన్ తన చిన్ననాటి సంగతులన్నీ ఏకరువు పెడుతుందని పేటంతా చెప్పుకునేది. మొదట చెప్పింది మేస్త్రే అయినా పేట నమ్మింది. నెల్లాళ్లుగా మూలపడ్డ కారొకటి, అతను వీధి మలుపులో కనబడగానే భయంతో దానంతటదే స్టార్టయిందని ఇంకో కథ. అది మాత్రం అక్షరాలా నిజమంటారు. సాక్షి ఎవరని అడిగితే మళ్లీ మేస్త్రినే చూపిస్తారు.

కారులో స్పీడు ముల్లు పక్కన ఇంజన్ బొమ్మతో పసుపు దీపం ఒకటుంటుంది. లోపల ఏదైనా తేడా చేస్తే వెలుగుతుంది. రిపేరయ్యాక స్కానర్ తగిలించి ఆ తప్పును చెరిపేస్తే ఆరుతుంది. చిక్కేమిటంటే, రిపేరు చేయకుండా చెరిపినా ఆరుతుంది. కాసేపు. దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలని చిన్నప్పుడు మేస్త్రికి అక్క నేర్పింది. మేస్త్రి షెడ్డులో ఆ రెండు మాటల్నీ విడదీసి వాడుకున్నాడు. రోగం కుదిర్చి చెరిపితే కొండెక్కించినట్టు, ఊరికే చెరిపితే ఆర్పినట్టు. బండి అమ్ముకునే ముందు దీపం ఆర్పించుకుందామని వచ్చేవాళ్లకు, తన దగ్గర ఆర్పడాలుండవు, కొండెక్కించడాలేనని చెప్పి పంపేసేవాడు. ఈ తేడా ఇంటిల్లిపాదికీ తెలుసు. అక్కకైతే మరీ తెలుసు.

ఆ అక్కకే కొండమీది ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. మధ్యాహ్నానికల్లా చేరకపోతే వేరొకరిని తీసుకుంటారు. పొద్దున్నే బావ అక్కను కారెక్కించుకుని షెడ్డుకొచ్చాడు. పసుపు దీపం వెలుగుతోంది, ఎత్తు వచ్చినప్పుడల్లా ఇంజన్ వెక్కుతోంది. ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా అంటుకోవడం లేదని స్కానర్ చెప్పింది. మేస్త్రి నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గూ, దానికి కరెంటిచ్చే కాయిలూ మార్చి, దీపం చెరిపి, వీధి చివరిదాకా తిప్పుకొచ్చాడు. తిరిగి లోపలికి తెస్తుంటే, గేటు దగ్గరి చిన్న ఎత్తులో ఇంజన్ ఒక్కసారి వెక్కింది. ఒకే ఒక్కసారి.

మళ్లీ విప్పాలని మేస్త్రికి తెలుసు. కానీ బావ ఊరుకునే రకం కాదు. "ఏమోయ్ బావమరిదీ, బండి బాగుచేస్తున్నావా, పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా?" అంటూ మొదలెట్టి, మేస్త్రి పనితనమంతా నోట్లోనే ఉందని, చేతులింకా ఓనమాలు దిద్దుకుంటున్నాయని షెడ్డంతా వినబడేలా దులిపేశాడు. అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లోంచి అడిగింది.

"కొండెక్కిందా తమ్ముడూ?"

"ఎక్కించేశానక్కా" అన్నాడు మేస్త్రి.

కారు వెళ్లిపోయింది. మేస్త్రి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, మళ్లీ కడుక్కున్నాడు. ఇంకో బండి కింద దూరాడుగానీ చెవిలో ఆ వెక్కే వినిపిస్తోంది. గేటు దగ్గరి ఎత్తుకే వెక్కిన ఇంజన్ ఘాట్ రోడ్డు మీద ఏం చేస్తుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? దీపం నిలకడగా వెలిగితే ఆలోచించుకోవచ్చు. మిణుకు మిణుకుమంటే మాత్రం అక్కడికక్కడ ఆపేయాలి. అంటుకోని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి అక్కడ మండుతుంది, గొట్టం నిప్పులా కాలుతుంది. ఘాట్‌లో రోడ్డు పక్కన అంతా ఎండుగడ్డి. బావకు ఫోన్ చేశాడు. మోగలేదు. అక్కకు చేశాడు. అదీ అంతే, కొండ మొదట్లోనే సిగ్నల్ చచ్చిపోతుంది.

షెడ్డులో అందుబాటులో ఉన్నది ఒకే ఒక మోటార్‌సైకిల్. బ్రేకులు పనిచేయడం లేదని ఎవరో ఇచ్చి వెళ్లింది. ఎక్కేది ఎత్తే గదా, బ్రేకులతో ఏం పనిలే అనుకున్నాడు మేస్త్రి. ఆ ప్రయాణం గురించి అతను ఎవరికీ ఏ కథా చెప్పలేదు. ఇంకెప్పుడైనా అయితే దాన్ని విమానంలా ఎగరేసేవాడు.

కొండ సగంలో కారు కనబడింది, నడిచే మనిషికన్నా నెమ్మదిగా ఈడ్చుకుపోతూ. కాలిన వాసన ముందే తగిలింది. మేస్త్రి చెప్పులు నేలకీడుస్తూ పక్కకొచ్చి, గడ్డి లేని రాతినేల చూపించి అక్కడ ఆపించాడు. వంగి చూస్తే కారు కింద గొట్టం ఎర్రగా ఉంది. ఇంజన్ కట్టేయడానికి తాళంచెవి కోసం లోపలికి చెయ్యి పెట్టాడు. స్పీడు ముల్లు పక్కన, దెబ్బలకు అంటించే ప్లాస్టర్ ముక్క ఒకటి అంటించి ఉంది. పీకాడు. కింద పసుపు దీపం మిణుకు మిణుకుమంటోంది.

"కళ్లలో పొడుస్తుంటే మీ అక్కే అంటించింది" అన్నాడు బావ. "నువ్వు కొండెక్కించేశావుగా, ఇది దాని దయ్యమై ఉంటుందిలే అనుకున్నాం."

అక్క కిందికి దిగింది. "కొండెక్కించానన్నావు కదరా" అంది. కోపంగా అన్నా బాగుండేది. లెక్క సరిచూసుకుంటున్నట్టు అంది.

"ఆర్పానక్కా" అన్నాడు మేస్త్రి.

బావ జోకు మింగేయడం మేస్త్రి మొదటిసారి చూశాడు. వెనకనుంచి బస్సొకటి వస్తే అక్క చెయ్యెత్తి ఆపింది. సంచి అందుకోబోయిన తమ్ముడి చేతికి సంచి ఇవ్వలేదు. ఉద్యోగం మాత్రం పోలేదు.

కాయిల్‌కి వెళ్లే వైరు తొడుగు లోపల తెగిందని, కారును షెడ్డుకు లాగించుకొచ్చాక మేస్త్రి కనిపెట్టాడు. పైకి కొత్తదానిలా ఉంది. ఇంజన్ బరువు లాగుతూ అదిరినప్పుడే లోపలి కొసలు విడిపోతున్నాయి. కొత్త వైరు వేసి, స్కానర్ తగిలించి చెరిపాడు. బావ తాళాల కోసం చెయ్యి చాచబోయేంతలో ఆయన ఫోన్ మోగింది. అటు అక్క, ఆసుపత్రి ఫోన్ నుంచి. బండి బావ చేతికి ఇవ్వొద్దని, తమ్ముడొక్కడే కొండమీదికి తీసుకురావాలని చెప్పింది.

తెచ్చాడు. ప్లాస్టర్ జిగురు ఇంకా అంటుకునే ఉన్న ఆ చోటు మీదనుంచి దారిపొడుగునా చూపు తిప్పలేదు. వెలగకపోయినా వెలిగినట్టే అనిపించింది.

ఆసుపత్రి గేటు దగ్గర అక్క నర్సు బట్టల్లో నిలబడి ఉంది. తమ్ముడి మొహం చూడలేదు. కిటికీలోంచి వంగి ముందు ఆ పసుపు దీపం చోటు చూసింది.

"ఇప్పుడు చెప్పు" అంది.

ఎక్కించేశానన్న మాట గొంతుదాకా వచ్చి ఆగిపోయింది.

"దారిలో వెలగలేదక్కా" అన్నాడు మేస్త్రి.