సారు అమ్మిన బీరువా

మీ ఇంట్లో మీది కానిది ఏముందో ఇప్పుడే, తడుముకోకుండా చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. పోయిన మంగళవారం మా ఎదురింటి సారు నిద్రలోనే పోయారని తెలిసినప్పుడు నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. ఆ భయం ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సారు యాడికి అనే ఊరి దగ్గరి పల్లెల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి అనంతపురంలో స్థిరపడ్డారు. నేను మూడో తరగతి దాటనివాణ్ణి. బైబిలు వాక్యం చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. ప్రార్థన కూటంలో నా ప్రసంగం వీధి చివరిదాకా వినబడేది. "ఏమప్పా, దేవునికి చెవుడని ఎవురన్నా చెప్పినారా నీకు?" అనేవారు అరుగు మీద నుంచి. నేను తప్పు పలికిన మాటలు చీటీ మీద రాసి, ఎవరూ చూడకుండా నా చేతిలో పెట్టేవారు.

భార్య పోయాక, ఒక్క మనిషికి నాలుగు గదులెందుకని అదే వీధిలో ఒంటి గదికి మారాలనుకున్నారు. వీధికో ఇంటర్నెట్ సెంటరు వెలిసిన రోజులవి. మంచం, టేబులు, బీరువా ఫొటోలు నెట్‌లో అమ్మకానికి పెట్టించడానికి నన్ను వెంటబెట్టుకుని పోయారు. బీరువా ఫొటో కింద "తలుపు గట్టిగా లాగాలి, ఎడమ కాలు కురచ" అని రాయమన్నారు.

సెంటరాయన నవ్వాడు. "ఇట్ల రాస్తే ఎవుడు కొంటాడు సార్? పెండ్లిసూపుల్లో పిల్లకు పన్ను ఊగుతాదని చెప్తామా?"

"కొన్నోడు తలుపు లాగినప్పుడల్లా నన్ను తిట్టుకోకూడదప్పా. రాయి."

నాలుగో రోజు హిందూపురం నుంచి ఒకాయన వచ్చి బీరువాను టెంపోలో వేసుకుపోయాడు.

తర్వాతి వారం యాడికి నుంచి, భర్త లేని ఒకామె వచ్చింది. "సారూ, నా చేని పట్టా ఈయండి. మా మరిది చేను తనదంటాండాడు. ఎల్లుండి సర్వేయరు వస్తాడంట. కాయితం సూపకపోతే నాకు దిక్కు లేదు."

మన పల్లెల్లో ఉన్నదే ఇది. ఇంట్లో చెదలకూ, తాగే కొడుకులకూ భయపడి అయ్యవారి బీరువాలో కాగితాలు దాచుకుంటారు. బీరువా అమ్మేముందు సారు అవన్నీ సంచిలోకి సర్దారు. ఆమె పట్టా మాత్రం అడుగు అరలో పరిచిన వార్తాపత్రిక కింద ఉండిపోయింది. కొన్నవాళ్లకు అర శుభ్రంగా ఉండాలని ఆ పేపరు తీయలేదు. లోపాలన్నీ రాయించిన మనిషి ఒక్కసారి దాన్ని ఎత్తి చూడలేదు.

కొన్నాయన ఫోను ఎత్తలేదు. ముగ్గురం హిందూపురం బస్సెక్కాం. "ఆ పేపరు పొయ్యిలో ఏసుంటారు" అందామె, ఊరు దాటకముందే. సారు సంచిలోని కాగితాలు మళ్లీ ఒక్కొక్కటీ తీసి చూశారు. నా చంకలో గ్రంథం ఉంది. దాన్ని తెరవకుండా, దారి పొడుగునా కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టాను.

ఆ ఇంట్లో బీరువా తెరిస్తే కొత్త పేపరు పరిచి ఉంది. సారు దాన్ని ఎత్తి చూశారు, కింద ఏమీ లేదు. అప్పుడు కొన్నాయన తల్లి లోపలి నుంచి వచ్చింది.

"నాకు సదువు రాదు నాయనా. ముద్ర సూసినా. ఎవురి కొంపో ఇది అనుకోని బియ్యం డబ్బాలో పెట్టినా."

చేను ఆమెకు దక్కింది. సారుకు మాత్రం భయం పోలేదు. "నిన్ననే నేను చచ్చిపోయింటే, ఆ పేపరు కింద ఏముండాదో ఎవురికి తెలుస్తాదప్పా?" అన్నారు తిరుగు బస్సులో. నెల తిరిగేలోగా ఊరూరూ తిరిగి మిగతా కాగితాలన్నీ ఇచ్చేశారు. తర్వాత నన్ను పట్టుకున్నారు: "నీ పెట్టె సంగతేంది?"

ప్రార్థన చేయమని జనం తెచ్చి, నా దగ్గరే వదిలిపోయిన పొలాల పాసుపుస్తకాలున్నాయి అందులో. "పండగ పోనీ సార్" అన్నాను. బైబిల్లో, ధాన్యం కొట్లు పెద్దవి కట్టించాలనుకుని ఆ రాత్రే పోయిన ధనవంతుని గురించి నూరుసార్లు అరిచినవాణ్ణి, ఇన్నేళ్లూ నా పెట్టె మూత తీయలేదు.

మంగళవారం సారు గదిలో చాప, కుర్చీ, కళ్లద్దాలు ఉన్నాయి. ఇంకొకరిది ఒక్కటీ లేదు. ఇంటికొచ్చి పెట్టె తెరిచాను. ఐదు పుస్తకాలు. ఇచ్చినవాళ్లలో ఇద్దరి ముఖాలు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.

ముదిగుబ్బలో ఒక ముసలాయన, తన పాసుపుస్తకం నా దగ్గర భద్రంగా ఉందనుకుని, ఈ పొద్దు కూడా నిశ్చింతగా గొర్రెలు తోలుకుపోయి ఉంటాడు. ఆ నిశ్చింతే నా భయం. నేను బస్సుకు బయలుదేరుతున్నాను. మీరూ లేవండి. మిమ్మల్ని నమ్మి ఊరుకున్నవాళ్ల గడప తొక్కండి. ఆదివారం కాదు, పండగ పోయాక కాదు. ఈ రోజే.