వర్జ్యం లోపు పదకొండు వందల అరవై నాలుగు

పూర్ణా మార్కెట్ వెనక వీధిలో, ఓడలకు సరుకులు అందించే దుకాణంలో నేను లెక్కలు చూసేవాణ్ణి. హార్బర్‌లోకి ఓడ వస్తే అందులో పనిచేసేవాళ్లకు బియ్యం, కూరగాయలు, చేపలు, తాళ్లు, సబ్బులు అన్నీ మేమే చేర్చేవాళ్లం. యజమాని జాలరిపేట మనిషి. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. కంప్యూటర్ నాకు ఎవరూ నేర్పలేదు. తప్పు మీట నొక్కినప్పుడల్లా ఏం జరిగిందో పుస్తకంలో రాసుకుంటూ నేర్చుకున్నాను. రెండు వేల సంవత్సరం దాటి ఏడెనిమిదేళ్లయ్యేసరికి అలాంటి పుస్తకాలు మూడయ్యాయి.

అప్పటిదాకా ఊరందరిలాగే మేమూ ఉచిత మెయిల్ వాడాం. ఆ ఏడు ముంబైలోని ఒక ఆఫీసు తమ ఓడలన్నిటికీ ఏడాది సరఫరాకు ధరల పట్టిక పంపమంది. నెలాఖరు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు అందాలి. అదీ కంపెనీ సొంత పేరు మీదున్న మెయిల్ నుంచే రావాలి. మా దుకాణం సరుకు ఎక్కే ఓడల్లో సగం వాళ్లవే. అవి పోతే మేము సగం షట్టరు దించుకోవాల్సిందే.

సొంత పేరు, అంటే డొమైన్, తీసుకుందామన్నది నేనే. హైదరాబాద్‌లో ఒక కంపెనీకి ఫోన్ చేసి దుకాణం పేరు నమోదు చేయించాను. మా పేరుతో మెయిల్ పంపే అధికారం ఏ సర్వర్‌కు ఉందో తెలిపే వాక్యం ఒకటి సెట్టింగుల్లో రాయాలన్నారు. రాశాను. పాత చిరునామా పుస్తకంలో ఉన్న అందరికీ "ఇకపై ఇదే మా మెయిల్" అని తెలియజేస్తే పని పూర్తి. బొత్తాం నొక్కబోతుంటే యజమాని నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏటి బావా, ముహూర్తం నేకండానే? కొత్త పడవ నీట్లోకి దించినా మంచి గడియ సూత్తాం కదా."

పంతులుగారు పంచాంగం చూసి గురువారం పది నలభై రెండు నుంచి పది యాభై నాలుగు వరకు దివ్యంగా ఉందన్నారు. ఆ తర్వాత వర్జ్యం.

"ఒకలికి ముందూ ఒకలికి ఎనకా కాదు బావా. ఆ పన్నెండు నిమిసాల్లోనే అందరికీ ఎల్పోవాల. వర్జ్యంలో ఒక్కటెల్లినా నానొప్పుకోను."

అభ్యంతరం చెప్పాల్సింది. చెప్పకుండా భాగహారం చేశాను. పదకొండు వందల అరవై నాలుగు చిరునామాలు, పన్నెండు నిమిషాలు. నిమిషానికి సరిగ్గా తొంభై ఏడు. శేషం సున్నా రావడంతో నాకు చెప్పలేనంత ఆనందం కలిగింది. పన్నెండు కట్టలు సిద్ధం చేసుకున్నాను. గురువారం మానిటర్ ముందు కొబ్బరికాయ కొట్టి, మీటల మీద కుంకుమ పెట్టి మొదలుపెట్టాం. ఇంకా నలభై సెకన్లు ఉండగానే ఆఖరి కట్ట వెళ్లింది. యజమాని నా వీపు మీద చరిచాడు.

మధ్యాహ్నానికి ఉత్తరాలు తిరిగి రావడం మొదలైంది. మర్నాటికి నాలుగు వందల ముప్ఫై ఎనిమిది వచ్చాయి. వాటిలో ముంబై ఆఫీసుకు పంపిందీ ఉంది. మిగిలినవాళ్లలో ఇరవై మందికి ఫోన్ చేశాను. పదిహేడు మందికి చెత్త మెయిళ్లు పడే జంక్ పెట్టెలో కనిపించింది. ముగ్గురికి అసలు అందనేలేదు.

"దిష్టి తగిలీసిందేటి?" అన్నాడు యజమాని.

సెట్టింగులు నాలుగుసార్లు సరిచూశాను. తప్పు లేదు. హైదరాబాద్ కంపెనీకి ఫోన్ చేశాను. అవతల ఒక అమ్మాయి ఓపిగ్గా వింది.

"సార్, మొన్నటిదాకా మీ డొమైన్ నుంచి ఒక్క మెయిల్ కూడా వెళ్లలేదు. నిన్న పన్నెండు నిమిషాల్లో పదకొండు వందలు వెళ్లాయి. దొంగ మెయిళ్లు పంపేవాళ్లు అచ్చం ఇలాగే పంపుతారు. అవతలి సర్వర్లు మిమ్మల్ని కూడా ఆ లెక్కలో వేసేశాయి. ఎందుకండీ అంత తొందర?"

"తర్వాత వర్జ్యమండీ."

అవతల దగ్గు వినిపించింది. అది నిజం దగ్గు కాదు.

ఆమె చెప్పిన మందు ఒకటే. రెండు రోజులు ఊరుకుని, ఆ తర్వాత మనల్ని ఎరిగినవాళ్లకు, జవాబు రాసేవాళ్లకు మాత్రమే, రోజుకు అయిదుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. యజమాని నమ్మలేదు. "మంచి పేరు తెచ్చుకోడానికి మిసన్ల దగ్గిర కూడా రోజులు పడతాదా?"

చేపలు అమ్ముకుని వచ్చి గుమ్మంలో తట్ట దించుకుంటున్న అతని తల్లికి ఇది వినిపించింది.

"ఏల పడదురా? నాను కూర్మన్నపాలెం క్వార్టర్సుకి కొత్తగా ఎల్లినప్పుడు మొదటిరోజే వీదులన్నీ తిరిగి అరిసీసేను. ఒక్క తలుపు తియ్యనేదు. మర్నాడు ఒక్కింటికే ఎల్లి, ఆ అమ్మ సేత 'సేపలు బాగున్నాయి' అనిపించుకున్నాను. అక్కణ్ణించి పక్కింటికి. నీకు ముహూర్తం తెలిసింది గానీ బేరం తెల్దు."

సోమవారం అయిదుగురితో మొదలుపెట్టాం. రాసే పని యజమాని తీసుకున్నాడు. స్టీల్ ప్లాంటులో పనిచేసే తన బావమరిదికి "తిన్నావా?" అని ఒక్క మాట రాశాడు. "తినీసేను, నువ్వు?" అని జవాబొచ్చింది. వ్యాపారం సంగతి రాయమని పోరితే "తిన్నావా? మా దగ్గర తాళ్లు ఉన్నాయి" అని రాశాడు. దానికి బావమరిది, కిందటి నెల పెళ్లిలో తనకు రెండోసారి మాంసం వడ్డించలేదంటూ పద్నాలుగు పంక్తులు రాశాడు. పంపినవి ఒకటి, జవాబులు ఒకటి అని నేను పట్టికలో వేసుకున్నాను. విషయంతో నాకు పనిలేదు.

తొమ్మిదో రోజు ముంబై ఆఫీసు గుమాస్తాకు ఒక పంక్తి పంపితే తిరిగొచ్చింది. పదిహేనో రోజున తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే జంక్ పెట్టెలో ఉందన్నాడు. బతిమాలి బయటికి తీయించి, జవాబు కూడా రాయించుకున్నాను.

గడువు శుక్రవారం వచ్చింది. పదిన్నర నుంచి రాహుకాలం కాబట్టి పది గంటల అయిదు నిమిషాలకు ధరల పట్టిక పంపాం. ఒక్క చిరునామాకు, ఒక్కటే ఉత్తరం. తొమ్మిది నిమిషాలకు గుమాస్తా నుంచి "అందింది" అని జవాబు వచ్చింది. యజమాని ఆ ఒక్క మాటనూ మూడుసార్లు చదివించుకున్నాడు.

సోమవారానికి నిర్ణయం చెబుతామన్నారు. సోమవారం ఏమీ రాలేదు. మంగళవారం యజమాని కాఫీ తాగలేదు. బుధవారం మధ్యాహ్నం ముంబై నుంచి కొనుగోళ్ల అధికారే ఫోన్ చేశాడు. సరఫరా మీకే ఇస్తున్నామని మొన్ననే మెయిల్ పంపాం, అంగీకారం ఏదీ, సాయంత్రం అయిదు లోపు రాకపోతే రెండోవాళ్లకు ఇచ్చేస్తాం అన్నాడు.

వెతికాను. మా జంక్ పెట్టెలో ఉంది.

కారణం తెలియడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. ఇన్నాళ్లూ సర్వర్ల పట్టింపులు చూసి చూసి, మనం మాత్రం ఎందుకు తగ్గాలని, మాకొచ్చే మెయిళ్లలో చెత్తను వడగట్టే కాపలాను నేనే అన్నిటికంటే కఠినమైన స్థాయిలో పెట్టాను. గుమాస్తాకు మేము ముందే రాసి ఉన్నాం కాబట్టి అతని జవాబు దాన్ని దాటింది, అధికారి కొత్త చిరునామా దాటలేదు. పైగా ఆ పెట్టె రోజూ చూడాలనుకోలేదు. అందులో పడేది చెత్త అని నా నమ్మకం. ఇదంతా దాచకుండా యజమానికి చెప్పాను. కసురుకుంటాడనుకున్నాను. బల్ల మీద కొట్టి కొట్టి నవ్వాడు.

"ఆళ్లు మనల్ని దొంగలన్నారు, నువ్వు ఆళ్లని దొంగలన్నావు. సరిపోనాది బావా!"

నాలుగు ఇరవైకి మా అంగీకారం వెళ్లింది. నాలుగున్నరకు ఖాయమైంది. వెంటనే ఆ కాపలా స్థాయిని పూర్తిగా కిందికి దించేశాను. దాంతో రోజుకు అరవై దాకా లాటరీ ఉత్తరాలు రావడం మొదలైంది. ఎవరో రాజకుమారుడి ఆస్తికి నేనే వారసుణ్ణట. ఒక్కటి కూడా తెరిచి చూడకుండా తీసేసేవాణ్ణి కాదు.