ఫల్గుణ నోట్లో లాటిన్ మాట

కొమ్మ నరికేటప్పుడు ఫల్గుణ నోరు ఊరుకోదు. "చేదో, చేదెరె, చెచీది, చేసుం" అంటాడు, మాటకో వేటు. కాఫీ మొక్కల మీద నీడ ఎక్కువైతే సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టాలి. ఆ పనిలో వాళ్ల ఊళ్లో అతన్ని మించినవాడు లేడు. డుంబ్రిగుడ పైనున్న ఈ ఊళ్లకు నేను నర్సుగా వచ్చి పదకొండేళ్లు. జ్వరాల సర్వేకి కొండెక్కుతుంటే ఊరికంటే ముందు ఆ గొంతే తగిలేది.

అది లాటిన్. పదేళ్లప్పుడు ఫల్గుణని కింద మైదాన ప్రాంతంలో, చర్చి ఫాదర్లను తయారుచేసే బడిలో వేశారు. అక్కడి మాస్టారు ఈ క్రియతోనే పాఠం మొదలుపెట్టాడట. చెట్టు నరకడం దీని మొదటి అర్థం. కర్రతో బాదడమూ ఇదే, మనిషిని చంపడమూ ఇదే, దేవుడికి మేకను కొయ్యడమూ ఇదే. ఎక్కడ ఏ అర్థమో పక్కనున్న మాటను చూసి చెప్పాలి. తప్పితే బెత్తం. కొడుతూనే కొట్టడం గురించి చెప్పేవాడని, అందుకే మరుపు రాలేదని ఫల్గుణ నవ్వుతూ చెప్పాడు. అతని వీపు మీద మచ్చలు నేను చూశాను. నవ్వు రాలేదు సరికదా, ఒళ్లు మండింది. పదిహేడో ఏట ఆ బెత్తమే లాక్కుని, మాస్టారి చెవి తెగేలా కొట్టి, తిరిగి కొండెక్కేశాడు. మిగతా చదువంతా ఊడ్చుకుపోయి ఈ ఒక్క క్రియ మిగిలింది. పెళ్లి చేసుకోలేదు. అన్న సుక్రు ఇంటి పక్కనే చిన్న ఇల్లు. అన్న కూతురు, ఆరేళ్ల రమణి, ఈ చిన్నాన్న భుజం దిగేది కాదు.

మొన్న ఆగస్టు వానల్లో రమణికి జ్వరం తగిలింది. నాకు కబురు పెట్టలేదు. నాలుగో రోజు ఫిట్స్ వస్తే దిసారిని పిలిచారు. ముహూర్తాలూ జబ్బులూ చెప్పే మనిషాయన. బియ్యం గింజలు చూసి, ఇది చిల్లంగి, ఇంటి మనిషే మంత్రం పెట్టాడు అన్నాడు. ఆ ఊళ్లో అర్థంకాని మాటలు రోజూ వల్లించేది ఒక్కడే.

నేను వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. సుక్రు వాకిట్లో ఫల్గుణని కాఫీ బస్తాల తాడుతో స్తంభానికి కట్టేశారు. ఒక కన్ను మూసుకుపోయింది, నెత్తుటితో చొక్కా వంటికి అతుక్కుపోయింది. ఆ మాటలకు అర్థమేటని సుక్రు అడుగుతున్నాడు. ఫల్గుణకు అబద్ధం చేతకాదు, అదే అతని ఖర్మ.

"నరకడం. కొట్టడం. సంపడం."

సుక్రు గొడ్డలి కర్రతో అతని మోకాలి మీద కొట్టాడు. ఎముక చప్పుడు నాకు వినబడింది. అడ్డం పడితే ఎవరో నన్ను జుట్టు పట్టి ఈడ్చి పారేశారు. లేచి లోపలికి పరిగెత్తాను. రమణి వేలి నుంచి రక్తం చుక్క తీసి పరీక్ష చేశాను. మలేరియా, మెదడుకి ఎక్కేసింది. బేగి ఆసుపత్రికి తీసుకెళ్లకపోతే రాత్రికి ఉండదని మొత్తుకున్నాను. ఒక్కడూ కదల్లేదు. చిల్లంగి తగిలిన మనిషిని, పెట్టినవాడు తీసేదాకా ఊరి పొలిమేర దాటించరు. దాటిస్తే అక్కడికక్కడే ప్రాణం పోతుందని వాళ్ల నమ్మకం. చేతిలో పరీక్ష పట్టీ పట్టుకుని ఏడ్చాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువ.

అప్పుడు ఫల్గుణ ఉన్న ఒక్క కంటితో నన్ను చూశాడు. తర్వాత అన్న వైపు తిరిగాడు.

"నానే పెట్టినానన్నా. తీసేత్తాను. నానెంట ఉంటే పొలిమేర దాటినా గుంటకేటీ అవదు. ఇక్కడ తీత్తే దక్కదు. డుంబ్రిగుడ ఆసుపత్రిలో, నర్సమ్మ సూది గుచ్చినప్పుడు నా సెయ్యి దాని మీదుండాల."

సుక్రు గొడ్డలి పారేశాడు. రమణిని డోలీలో మోశారు, ఫల్గుణ నడుముకి తాడేసి వెనకాల కుంటించుకుంటూ తెచ్చారు. ఎక్కడ పడితే అక్కడ తన్ని లేపారు. ఆసుపత్రిలో ప్రతి సూదికీ వాడు పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి, అందరికీ వినబడేలా ఆ క్రియ వల్లించాడు. సుక్రు దండం పెట్టుకుని నిలబడ్డాడు. మూడో రోజు రమణి కళ్లు తెరిచి చిన్నాన్నని పిలిచింది.

పోలీసులకి చెబుతానంటే ఫల్గుణ వద్దన్నాడు. మోకాలికి కట్టు కట్టించి, కొన్నాళ్లు మా క్వార్టర్లో ఉండమన్నాను. పిల్ల బతికింది కదా, ఇంకెందుకు కొడతారు అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను. నా అంత తెలివితక్కువది ఈ ఏజెన్సీలో లేదు. ఐదో రోజున నేనే దగ్గరుండి జీపెక్కించాను.

వారం తిరక్కుండా సుక్రు మా సబ్‌సెంటర్‌కి వచ్చాడు. చంకలో నాటుకోడి. పిల్లని బతికించానని నా కాళ్లకి దండం పెట్టి కోడిని బల్ల కాలికి కట్టాడు. ఫల్గుణ ఎలా ఉన్నాడని అడిగాను. జావ తాగుతున్నాడన్నాడు. జావ ఎందుకంటే, దాపరికం లేకుండా చెప్పాడు. మంత్రానికి మళ్లీ నోరు తిరక్కుండా ఊరంతా కూర్చుని వాడి ముందరి పళ్లు పీకించారు. పైన నాలుగు, కింద నాలుగు, మేకులు పీకే పట్టకారుతో. తల కదలకుండా పట్టుకున్నది తనే.

వాడు నీ పిల్లని కాపాడాడురా అన్నాను.

"అవునమ్మా. ఆడు ఒప్పుకున్నాడు, తీసినాడు. అందుకే ఊరోళ్లు సంపేత్తామంటే నాను ఆళ్ల కాళ్లు పట్టుకుని పళ్లతో సరిపెట్టి ఒగ్గించినాను. తమ్ముడు గదా."